గడప దగ్గర ఆగిపోయే చట్టం

మానవ హక్కులు అనగానే మనకు గుర్తొచ్చేవి పోలీసు లాకప్పులు, జైళ్లు, కాల్పులు. పత్రికల్లో ఆ మాట కనిపించేదీ అలాంటి వార్తల్లోనే. అందుకే కాబోలు, "అదంతా మగవాళ్ల రాజకీయం, మనకెందుకులే" అని ఆ పేజీ తిప్పేసే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ నన్నడిగితే, మానవ హక్కుల సంగతి తేలవలసింది మన వంటింటి వెనక, బోకులు తోమే పంపు దగ్గరే అంటాను. ఈ దేశానికి మానవ హక్కుల చట్టం ఒకటి ఉంది. అది చాలదనీ, ఇంట్లోకి అడుగుపెట్టే చట్టం మరొకటి కావాలనీ నా వాదన. ఇంత పెద్ద మాట ఎందుకన్నానో మా కదిరి సంగతులతోనే చెబుతాను.

మా ఊరి పేరు వినగానే తెలిసినవాళ్లు ముందు మల్లెపూలు అంటారు, తర్వాత కుంకుమ అంటారు, ఆ పైన ఖాద్రి నరసింహస్వామి తేరు అంటారు. వ్యవసాయం తెలిసినవాళ్లయితే ఇక్కడి పరిశోధనా కేంద్రంలో పుట్టిన 'కదిరి' రకం వేరుశనగల పేర్లు చెబుతారు. అయితే వేరుశనగకైనా వాన కావాలి కదా! దేశంలో బాగా తక్కువ వాన పడే ప్రాంతాల్లో మాదొకటి. పాత అనంతపురం జిల్లాలో ఉన్న మమ్మల్ని 2022లో కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేర్చారు. జిల్లా పేరు మారింది గానీ మబ్బుల బుద్ధి మారలేదు. చేను ఎండిన ఏడు మగవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. ఆడవాళ్లు చాలామంది కువైట్ విమానమెక్కుతారు. మా కదిరిలోనూ, అటు రాయచోటి, కడప వైపు పల్లెల్లోనూ 'ఖద్దామా వీసా' అంటే ఏమిటని ఎవరూ అడగరు. ఖద్దామా అంటే మరేం లేదు, మన భాషలో పనిమనిషి.

అలా వెళ్లినవాళ్ల మీద మా ఊళ్లో అందరికీ కనికరమే. పేరంటానికి పదిమంది ఆడవాళ్లు కూడితే ఆ మాట రాకుండా ఉండదు. "పాపం, పాస్‌పోర్టు లాక్కున్నారట." "తెల్లారుజామున లేస్తే అర్ధరాత్రి దాకా పనేనట." "వారానికొక్క రోజైనా సెలవు ఇవ్వద్దూ? మనుషులు కారా వాళ్లు?" ఈ మాటలన్నీ న్యాయమైనవి. ఏ ఒక్కరూ "ఆ సెలవు ఎందుకు, బువ్వ పెడుతున్నారు కదా" అనరు. సముద్రం అవతల ఉన్న మన ఊరి ఆడబిడ్డకు ఏం కావాలో మనకు స్పష్టంగా తెలుసు. చెప్పిన జీతం చెప్పిన తేదీకి అందాలి. నిద్రకు వేళ ఉండాలి. వారానికో రోజు తనదిగా ఉండాలి. కష్టమొస్తే చెప్పుకునే చోటుండాలి.

కువైట్ ప్రభుత్వం కూడా చివరికి ఈ మాటలనే కాగితం మీద పెట్టింది. 2015లో చేసిన 68వ నెంబరు చట్టం ప్రకారం ఇంటి పనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదు. వారానికొక సెలవు ఇవ్వాలి. ఏడాదికి 30 రోజులు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. పని మానేసి వెళ్లేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం లెక్కగట్టి ఇవ్వాలి. మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. ఇవన్నీ అక్కడ సక్రమంగా జరిగిపోతున్నాయని నేననడం లేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మన ప్రభుత్వం కూడా జాగ్రత్త పడింది. పెద్దగా చదువుకోని ఆడవాళ్లు ఆ దేశాలకు ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని నియమం పెట్టింది. అంటే ఏమన్నమాట? నాలుగు గోడల మధ్య, ఒకరి దయ మీద బతికే పనిలో ప్రమాదముందని ప్రభుత్వానికీ తెలుసు. కాకపోతే ఆ తెలివిడి విమానాశ్రయం దాకా వచ్చి అక్కడితో ఆగిపోయింది. విమానమెక్కకుండా కదిరిలోనే నాలుగిళ్లలో కసువు ఊడ్చి, బోకులు తోమే ఆమె సంగతేమిటి?

కువైట్‌లో ఆరేళ్లు చేసి తిరిగొచ్చి, ఇప్పుడు మా వీధిలో పని చేస్తున్న ఒకామెను, "అక్కడ బాగుందా, ఇక్కడ బాగుందా?" అని అడిగాను. ఆమె చేతిలో పని ఆపకుండానే చెప్పింది. "ఆడా బోకులేనమ్మా, ఈడా బోకులే. ఆడ ఒక్క శుక్రారం గూడా సెలవియ్యలేదు నాకు. కానీ ఇయ్యల్లని కాయితం మీద రాసిండారంట. ఇయ్యలేదని యాడన్నా చెప్పుకునేదానికి ఒక మాటుండాది. ఈడ ఏమని చెప్పుకునేది?"

నేను బి.ఏ.లో రాజనీతిశాస్త్రం చదువుకున్నదాన్ని. హక్కుకూ దయకూ తేడా ఏమిటో అక్కడ పెద్ద పెద్ద పుస్తకాలు చెప్పలేకపోయాయి. ఆమె మూడు ముక్కల్లో చెప్పేసింది. ఇవ్వనప్పుడు "ఇవ్వలేదు" అని చెప్పుకోగలిగేదే హక్కు. ఇచ్చినప్పుడు దణ్ణం పెట్టడం, ఇవ్వనప్పుడు నోరు మూసుకోవడం తప్ప మరోదారి లేనిది దయ.

ఈ తేడా మా కరువు సీమ వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1876లో మొదలై రెండేళ్లపైన పీడించిన మహా కరువును ఇక్కడి పాతకాలపు వాళ్లు ధాత కరువని చెప్పుకునేవారు. అప్పుడు దొరలు కరువు పనులు పెట్టారు. ఆకలితో ఉన్నవాళ్లు వచ్చి రాళ్లు కొట్టారు, మట్టి మోశారు. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, ఖర్చు ఎక్కువవుతోందని, రోజు కూలిని ఒక పౌను ధాన్యానికీ, పైన చిల్లర డబ్బులకీ తగ్గించాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. అది తిని మనిషి కూలిపని చేయలేడని మద్రాసులో కార్నిష్ అనే డాక్టరు పట్టుబట్టి పోట్లాడితే, కొన్ని నెలలకు మళ్లీ పెంచారు. ఇందులో పెంచినవాడూ దొరే, తగ్గించినవాడూ దొరే. తినేవాళ్లను అడిగినవాడు లేడు. దయలో ఉన్న చిక్కు ఇదే. ఎంత అన్నది చేట పట్టుకున్నవాడి ఇష్టం.

ఇక రెండో కథ. 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా నార్పల మండలంలోని బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. పల్లెటూళ్లో ప్రతి కుటుంబానికీ ఏడాదికి నూరు రోజుల పని, ఆడా మగా సమాన కూలి, అడిగిన పదిహేను రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి. 2005లో వచ్చిన ఆ చట్టంలోని అసలు సంగతి డబ్బు కాదు. 'అడిగితే ఇవ్వాలి' అన్న మాట. దాని అమలులో ఎన్ని లొసుగులున్నా, "మాకు పని చూపించండి" అని మండలాఫీసు ముందు కూర్చునే ధైర్యం ఆ మాటే ఇచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో వేరే చట్టం తెచ్చింది. అది మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. ఆ చర్చ జరగడానికి కారణం కూడా అదొక చట్టం కావడమే. దయను మార్చేసినప్పుడు పార్లమెంటులో చర్చ జరగదు!

సరే, మన ఇళ్లలో పనిచేసే ఆమెకు దేశంలో ఏ చట్టమూ లేదా అంటారేమో. ఉన్నవీ లేనివీ చెప్పుకుందాం.

ప్రపంచ మానవ హక్కుల ప్రకటన 1948 డిసెంబరు 10న వెలువడింది. దాని తయారీలో మన దేశం తరఫున కూర్చున్నది ఒక ఆడమనిషి, హంసా మెహతా. పురుషులందరూ స్వేచ్ఛతో, సమానులుగా పుట్టారు అన్న అర్థంలో వాక్యం రాయబోతే, 'పురుషులు' కాదు, 'మనుషులు' అనాలని ఆమె పట్టుబట్టింది. ఒక్క మాటే! అయినా ఆ మాట మారకపోతే సగం లోకం గడప బయటే ఉండిపోయేది. ఆ ప్రకటనలోనే 24వ అధికరణం ఒకటుంది. విశ్రాంతి తీసుకునే హక్కు, పని గంటలకు ఒక హద్దు, జీతంతో కూడిన సెలవులు ప్రతి ఒక్కరికీ ఉండాలని చెబుతుంది. ప్రతి ఒక్కరికీ అంటే ఆఫీసు వాళ్లకు మాత్రమే అని అందులో లేదు.

మన రాజ్యాంగం సంగతి చూడండి. 23వ అధికరణం వెట్టిచాకిరీని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో సుప్రీం కోర్టు ఈ అధికరణానికి చెప్పిన అర్థం ప్రతి గృహిణీ తెలుసుకోదగ్గది. కనీస వేతనానికి తక్కువిచ్చి చేయించుకునే పని వెట్టితో సమానమని అన్నది. కర్ర పట్టుకుని నిలబడితేనే బలవంతం కాదు, ఆకలి చేసే బలవంతమూ బలవంతమే అన్నది. పైగా ఈ అధికరణం ప్రభుత్వానికే కాదు, మామూలు మనుషులకూ వర్తిస్తుందన్నది. కరువు సీమలో ఉన్న మనకు ఇంతకంటే దగ్గరి మాట ఉంటుందా? వాన పడని ఏడు "ఎంతిచ్చినా సరేనమ్మా" అంటూ పనికి వచ్చే ఆమె ఇష్టపడి వచ్చిందని మనం ఎలా అనగలం?

1993లో మానవ హక్కుల పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ అక్టోబరులోనే జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏర్పడింది. మంచిదే. జీవితం, స్వేచ్ఛ, సమానత్వం, గౌరవం — ఈ నాలుగింటికీ సంబంధించిన హక్కులే మానవ హక్కులని ఆ చట్టం చెప్పింది. కానీ కమిషన్ ప్రధానంగా విచారించేది ప్రభుత్వోద్యోగి చేసిన తప్పును, లేదా ఆపవలసి ఉండీ ఆపని అతని నిర్లక్ష్యాన్ని. జరిగి ఏడాది దాటితే విచారించకూడదు. విచారించాక కూడా సిఫారసు చేయగలదే గాని శిక్షించలేదు. ఇక మన పంపు దగ్గర ఉన్నది ప్రభుత్వోద్యోగి కాదు కదా, అమ్మగారు! కాబట్టి మానవ హక్కుల చట్టం మన వీధి దాకా వచ్చి, గడప చూసి, చెప్పులు విప్పకుండానే వెనక్కు తిరుగుతుంది.

కార్మిక చట్టాలూ అంతే. 2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 'పరిశ్రమ' అన్న మాటకు అర్థం చెబుతూ ఇంటిపనిని పేరుపెట్టి మరీ పక్కన పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలు ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చాయి. ఆ జాబితా చూసి జీతం మాట్లాడిన ఇల్లాలిని నేనైతే ఇంతవరకు చూడలేదు. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం మాత్రం ఇంటిని కూడా పనిచోటుగా ఒప్పుకున్నది. అంటే చట్టం తలచుకుంటే గడప దాటగలదన్నమాట.

ఇంటి పనివాళ్లకంటూ ఒక చట్టం కావాలని 1959లోనే పార్లమెంటు ముందు ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివారి కోసం 189వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీం కోర్టు ఒక కేసులో తీర్పు చెబుతూ, వీరి కోసం ప్రత్యేక చట్టం అవసరమేమో పరిశీలించడానికి నిపుణుల కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. 1959 నుంచి 2025 దాకా లెక్కపెట్టుకోండి. అమ్మ తోమిన చోట కూతురు, కూతురు తోమిన చోట మనవరాలు తోముతోంది.

ఇంత చెప్పాక మన ఆడవాళ్లు అనే మాటలు నాకు తెలుసు. అవి పనికిమాలిన మాటలేం కాదు. ఒక్కొక్కటీ చూద్దాం.

"మా ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం" అన్నది మొదటిది. నిజంగా అలా చూసుకునే ఇళ్లున్నాయి. బిడ్డ చదువుకు ఫీజు కట్టినవాళ్లు, కాన్పుకు ఆసుపత్రికి తీసుకుపోయినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. అలాంటి ఇల్లు దొరికిన ఆమెకు చట్టంతో పని పడదు. కానీ పక్క సందులో దొరికిన ఆమె మాటేమిటి? మంచి మొగుడు దొరికిన ఆడది ఉంది కదా అని వరకట్న నిషేధ చట్టం అక్కర్లేదంటామా? అయినా, ఇంట్లో మనిషికి జ్వరమొస్తే జీతం కోయరు. ఇంట్లో మనిషికి వేరే గ్లాసు ఉండదు.

"ఇల్లు మా సొంతం. ఇనస్పెక్టర్లు వంటింట్లోకి వస్తే ఊరుకుంటామా?" అన్నది రెండోది. అసలైన వాదన ఇదే. కాస్త ఆగి ఆలోచించండి. ఈ మాట మనం ఎక్కడో విన్నాం కదూ? "ఇది మా ఇంటి వ్యవహారం, మధ్యలో మీరెవరు?" అని భార్యను కొట్టిన మొగుడు ఇరుగుపొరుగుతో అనే మాట ఇది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినప్పుడు, 1983లో భార్యను హింసించడాన్ని నేరంగా పీనల్ కోడ్‌లో చేర్చినప్పుడు, 2005లో గృహహింస చట్టం వచ్చినప్పుడు, ప్రతిసారీ "సంసారంలోకి చట్టాన్ని తెస్తారా?" అని గగ్గోలు పెట్టినవాళ్లున్నారు. అప్పుడు మనమేమన్నాం? ఇల్లు ఎంత పవిత్రమైనదైనా అందులో ఉన్న మనిషి అంతకంటే పవిత్రమన్నాం. మన కోసం చట్టం గడప దాటి లోపలికి రావచ్చు గానీ, మన బోకులు తోమే ఆమె కోసం రాకూడదంటే ఎలా కుదురుతుంది? గృహహింస చట్టం కింద రక్షణ కోరాలంటే పెళ్లి బంధమో, రక్త సంబంధమో, అలాంటిదేదో ఉండాలి. జీతానికి పనిచేసే ఆమెకు అవేవీ లేవు. కార్మిక చట్టాన్ని అడిగితే 'నువ్వుండేది ఇల్లు' అంటుంది. ఇంటి చట్టాన్ని అడిగితే 'నువ్వు బయటిదానివి' అంటుంది.

ఇంటా కాదు, బయటా కాదు! మా కదిరివాళ్లకు ఈ మాట వింటే హిరణ్యకశిపుడి వరం గుర్తుకు రాక మానదు. మా గుళ్లో స్వామి పక్కన ప్రహ్లాదుడు చేతులు జోడించి నిలబడి ఉంటాడు. తండ్రి సంపాదించిన వరమంటే ఏమిటి? న్యాయానికి దొరక్కుండా తప్పించుకునే సందు. ఇంట్లో చంపకూడదు, బయట చంపకూడదు. స్వామి ఆ మాటను కాదనలేదు. సరిగ్గా గడప మీద కూర్చుని తీర్పు చెప్పాడు. గడప మీద న్యాయం జరగదని వాదించే హక్కు దేశంలో ఎవరికైనా ఉందేమో గానీ, మా ఊరివాళ్లకు మాత్రం లేదు.

"మాకే చాలీచాలని జీతాలు, చట్టప్రకారం ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాం?" అన్నది మూడోది. ఇది మధ్యతరగతి కష్టం, కాదనను. అందుకే మొత్తం భారం ఇల్లాలి పర్సు మీద వేసే చట్టం నిలబడదు. తమిళనాడులోనూ, మహారాష్ట్రలోనూ ఇంటి పనివాళ్లకు సంక్షేమ బోర్డులు పెట్టారు. జబ్బుకూ, కాన్పుకూ, ముసలితనానికీ ప్రభుత్వం ఒక చెయ్యి వేస్తే, మనం ఇవ్వవలసింది మన చేతికి అందేంతే ఉంటుంది. పైగా వారానికొక సెలవు ఇవ్వడానికి పర్సు తెరవనక్కర్లేదు. ఆ రోజు బోకులు మనం తోముకుంటే చాలు.

"మనకే లేదు సెలవు! ఆదివారం రెట్టింపు పని" అని ఇక్కడ ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. నిజమేనమ్మా, నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ ఫిర్యాదు చెప్పుకోవలసింది పంపు దగ్గర ఉన్న ఆమెకు కాదు. హాల్లో పేపరు పట్టుకుని కాఫీ అడిగే ఆయనకు. పనామెకు సెలవున్న రోజున ఆయన నాలుగు గ్లాసులు కడిగితే చేతులు అరిగిపోవు. ఆమె హక్కుతో పాటు మన హక్కు కూడా ఒక అడుగు ముందుకు జరుగుతుంది.

ఆఖరిది, అన్నిటికంటే గట్టిది: "చట్టాలుండి ఏం లాభం? కువైట్‌లో ఉంది కదా, ఏం ఒరిగింది?" ఒప్పుకుంటాను. ఆ చట్టం ఉన్నా, యజమాని పూచీ మీదే దేశంలో ఉండవలసిన పద్ధతి అక్కడ పోలేదు. పాస్‌పోర్టులు బీరువాల్లోనే ఉంటున్నాయి. 2018లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, కాగితాలు లేకుండా చిక్కుకుపోయిన మన జిల్లాల వాళ్లు ఎందరో జరిమానా లేకుండా ఇల్లు చేరారు. దాని పేరే చూడండి, క్షమాభిక్ష! చట్టం సరిగా పనిచేయని చోట మనిషి మళ్లీ దయ దగ్గరికే వెళ్లి నిలబడాలి.

కానీ నవలలు రాసేదాన్ని గనక, మాటకున్న బలం నాకు కాస్త తెలుసు. చట్టం రాత్రికి రాత్రి మనుషుల్ని మార్చదు. అది మొదట మార్చేది జరిగినదాని పేరును. వెట్టిని తరతరాలుగా 'మా రాత' అనుకున్నారు. 1976 చట్టం దానికి నేరమని పేరు పెట్టింది. అంటరానితనాన్ని ఆచారం అనేవారు. రాజ్యాంగం 17వ అధికరణం దాన్నీ నేరమంది. పేరు మారిన రోజునే ఆ పనులు మాయమైపోలేదు. అయినా అవి చేసేవాడు ఆ రోజు నుంచి చాటుమాటుగా చేయవలసి వచ్చింది, పడేవాళ్లు తలెత్తి చెప్పుకోవడానికి వీలొచ్చింది. 'ఆడ ఒక మాటుండాది' అని ఆమె అన్నది దాన్నే. కువైట్ కాగితం ఆమెకు సెలవు ఇవ్వలేదు. తనకు జరిగింది ఖర్మ కాదు, అన్యాయం అన్న తెలివిడి ఇచ్చింది. ఆ తెలివిడితో తిరిగొచ్చిన మనిషికి సొంత దేశం ఏ మాటా ఇవ్వలేకపోవడం మనకు సిగ్గు కాదూ?

కాబట్టి ఆ చట్టంలో ఏముండాలంటే నేనేమీ పెద్ద పెద్ద కోరికలు కోరను. పని ఏమిటో, గంటలెన్నో, జీతమెంతో రెండువైపులా తెలిసేలా ఒక కాగితం ఉండాలి. వారానికొక సెలవు, జబ్బు చేస్తే కోయని జీతం ఉండాలి. రాష్ట్రానికో రకంగా కాక దేశమంతటా వర్తించే కనీస వేతనం ఉండాలి. కష్టమొస్తే ఎక్కడో రాజధానికి పోకుండా కదిరిలాంటి ఊళ్లోనే చెప్పుకునే చోటు ఉండాలి. అక్కడ కూర్చునేవాళ్లలో ఒకరైనా ఇంటిపని చేసిన ఆడమనిషి కావాలి. దొంగతనం నింద పడితే విచారణ లేకుండా జుట్టు పట్టుకుని వీధిలోకి గెంటే వీలు ఎవరికీ ఉండకూడదు. ఇంతే. కువైట్‌లో ఉన్న మన ఊరి ఆడబిడ్డకు మనం పేరంటాల్లో కూర్చుని కోరుకునేవి ఇవే కదా! సముద్రం అవతల న్యాయమైనది గడప ఇవతల అన్యాయం ఎలా అవుతుంది?

మన తెలుగులో ఒక అందమైన సంగతుంది. హంసా మెహతా పోట్లాడి రాయించుకున్న మాట మనకు ముందే ఉంది. పనిమనిషి అంటున్నాం చూశారా! మనిషి అన్నది ఆ మాటలోనే ఉంది. ఇన్నేళ్లుగా మనం ముందున్న 'పని'నే చూస్తున్నాం. దాని వెనకే ఉన్నదాన్ని కూడా చూడమని చెప్పడమే ఏ మానవ హక్కుల చట్టమైనా చేసేది.

ఢిల్లీలో కమిటీలు కూర్చుని లేచేసరికి ఎన్నేళ్లు పడుతుందో! అందాకా మనల్ని ఎవరూ ఆపలేదు. ఈ వారం కేలండరు ముందు నిలబడి, వారంలో ఏ రోజు సెలవైతే ఆమెకు వీలో అడగండి. ఆదివారం మనకు చుట్టాలొచ్చే రోజు, మరో రోజు పెట్టుకో అనకండి. ఆమెకూ చుట్టాలుంటారు.